మహాగని బల్లకు మాదాపూర్ గాలి

హైదరాబాద్‌లో మాదాపూర్ నుంచి కోకాపేట దాకా సాగిన ఐటీ కారిడార్‌లో మహాగని అనే పేరు మూడు చోట్ల వినిపిస్తుంది. ఇంటీరియర్ షోరూములో అదొక రంగు. ప్లైవుడ్ మీద అతికించే లామినేట్లలో వాల్‌నట్, టేకు, మహాగని అని షేడ్లు చూపిస్తారు. అందులో మహాగని చెక్క పిసరంత కూడా ఉండదు. చెక్క ఫొటోను కాగితం మీద అచ్చువేసి, మెలమైన్ జిగురులో తడిపి, వేడి మీద నొక్కి తీసిన రేకు అది. రెండోది, సెలవు రోజున సైటు చూపించడానికి కారెక్కించుకుని తీసుకెళ్లే ఫార్మ్‌ల్యాండ్ వాళ్ల బ్రోచరు. గుంటల లెక్కన భూమి, అందులో వరసగా మహాగని మొక్కలు, పది పన్నెండేళ్లలో కోట్లు. మూడోది అరుదు, అసలైనదీ అదే: డబ్లిన్‌లోనో లండన్‌లోనో కొన్నేళ్లు ఉద్యోగం చేసి సామాను కంటెయినర్లో వేసుకుని తిరిగొచ్చిన వాళ్ల ఇళ్లలో, పాత బంగళాల సామాను కొని అమ్మేవాళ్ల గోదాముల్లో కనబడే రెండు వందల ఏళ్ల నాటి నిజమైన మహాగని బల్ల. ముదురు ఎరుపు చెక్క, అంచు చుట్టూ వెంట్రుక మందాన తెల్లటి గీత, మధ్యలో గవ్వో పువ్వో పొదిగి ఉంటుంది.

ఆ బల్ల ఇరవయ్యో అంతస్తు ఫ్లాట్‌లోకి వచ్చిన ఏడాదికో రెండేళ్లకో తెల్లగీత ఒకచోట పైకి లేస్తుంది. మరోచోట పైచెక్క సన్నగా చీలుతుంది. హైదరాబాద్ ఎండలకు తట్టుకోలేకపోయింది పాపం అంటారు ఇంటివాళ్లు. ఎండ నింద మోయాల్సినంత నేరం చేయలేదు. చెక్కను చీల్చేది వేడి కాదు, గాలిలోని తేమ మారే తీరు. ఈ ఒక్క సంగతి తెలిస్తే అటు ఐరిష్ వడ్రంగి పనితనం, ఇటు మన విశాఖపట్నం కంసాలుల పనితనం రెండూ అర్థమవుతాయి.

మొదట ఆ బల్ల పుట్టుక. 18వ శతాబ్దం మధ్యలో ఐర్లాండ్ మహాగని సామాను పొదుగుడు పనికి కాదు, చెక్కుడు పనికి పేరుపడింది. బల్ల అంచు కింద సింహం ముఖం, కాళ్ల చివర వెంట్రుకలతో సహా చెక్కిన మృగం పంజాలు, నల్లగా మెరిసే దట్టమైన చెక్క. ఇంగ్లండు వాళ్ల సామాను పక్కన పెడితే ఇది కాస్త మోటుగా, కాస్త గర్వంగా కనిపిస్తుంది. నాకైతే ఆ మోటుదనమే ఇష్టం. అంత మహాగని ఎక్కడి నుంచి వచ్చిందంటే, 1721లో బ్రిటిష్ పార్లమెంటు అమెరికా వలసల కలప మీద సుంకం ఎత్తేసింది. జమైకా అడవులు నరికారు, ఆ తర్వాత క్యూబా, హోండురస్. దుంగల్ని నరికి, ఏటి దాకా ఈడ్చింది ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. కార్క్ రేవు నుంచి ఉప్పువేసిన గొడ్డుమాంసం, వెన్న ఆ తోటల దీవులకు వెళ్లేవి. డబ్లిన్ భోజనపు బల్ల మెరుపు వెనక ఈ వ్యాపారం ఉంది. పురాతన వస్తువుల కేటలాగుల్లో దీని ఊసు తక్కువ.

1770లు, 80లు వచ్చేసరికి మోజు మారింది. సింహాలు పోయాయి, సన్నని తిన్నని కాళ్లు వచ్చాయి, చెక్కుడు బదులు చదును ఉపరితలం మీద రంగురంగుల చెక్కలు పొదగడం వచ్చింది. లండన్‌లో మేహ్యూ అండ్ ఇన్స్ దుకాణంలో పనిచేసి వచ్చిన విలియం మూర్ 1782 నాటికి డబ్లిన్ అబీ స్ట్రీట్‌లో సొంత దుకాణం నడిపాడు. అర్ధచంద్రాకారపు బల్లలు, కమోడ్ అని పిలిచే సొరుగుల బీరువాలు అతని ప్రత్యేకత. 1801తో డబ్లిన్ పార్లమెంటు రద్దయింది. ప్రభువులు లండన్‌కు తరలిపోయారు, వాళ్లతోపాటే గిరాకీ కూడా. పొదుగుడు పని మాత్రం చావలేదు. 19వ శతాబ్దంలో నైరుతి ఐర్లాండ్‌లోని కిల్లార్నీ సరస్సుల ఒడ్డున, అక్కడ అడవిగా పెరిగే ఆర్బ్యూటస్ చెక్కతో, చూడొచ్చిన యాత్రికులకు అమ్మడానికి పాడుబడ్డ మఠాల బొమ్మలు పొదిగిన బల్లలు చేశారు.

ఇక చెక్క సంగతి. చెట్టు కాండం సన్నని గొట్టాల కట్ట. ప్రతి గొట్టం గోడలో సెల్యులోజ్ పోగులు దాదాపు నిలువుగా, కాండం పొడవునా పరుచుకుని ఉంటాయి. గాలిలో తేమ పెరిగితే నీటి అణువులు ఈ పోగుల మధ్య దూరి వాటిని పక్కలకు నెడతాయి. పోగు పొడవు మాత్రం మారదు. అందుకే చెక్క నార వెంట సాగదు, నారకు అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. కోసి ఎన్నేళ్లయినా ఈ గుణం పోదు. రెండు వందల ఏళ్ల బల్ల కూడా ప్రతి వానాకాలం కాస్త ఒళ్లు చేసి, ప్రతి ఎండాకాలం చిక్కుతుంది. ఎండబెట్టిన చెక్క ఇక కదలదనుకోవడం చాలామంది అపోహ.

ఎంత కదులుతుంది? 90 సెంటీమీటర్ల వెడల్పున్న మహాగని బల్లపలక అనుకుందాం. ఐర్లాండ్‌లో ఏడాది పొడవునా గాలి తేమగానే ఉంటుంది. పాత రాతి ఇళ్లలో చెక్కలోని నీటి శాతం 13 దరిదాపుల్లో నిలుస్తుంది. అదే పలక పొడిగాలి ఉన్న గదిలో 7 శాతానికి దిగితే, దుంగను కోసిన తీరును బట్టి వెడల్పులో 13 మిల్లీమీటర్ల దాకా తగ్గుతుంది. పొడవులో మిల్లీమీటరు కూడా మారదు. ఓక్ చెక్క అయితే ఇదే లెక్కన 20 మిల్లీమీటర్లు తగ్గేది. మన టేకు 10 దగ్గర ఆగేది.

అంటే టేకు మహాగని కన్నా తక్కువ కదులుతుంది. మరి వంకర తిరగని చెక్క అని మహాగనికి పేరెందుకు? దుంగ అడ్డకోత చూస్తే వలయాల వెంట ఒక దిక్కు, మధ్య నుంచి అంచుకు మరో దిక్కు ఉంటాయి. పైన చెప్పింది ఎండిన పలక లెక్క; పచ్చిచెక్క పూర్తిగా ఎండేసరికి మహాగని వలయాల వెంట సుమారు 4.1 శాతం, అడ్డంగా 3 శాతం తగ్గుతుంది. టేకుకు ఆ లెక్కలు 5.8, 2.5. పలక వంకర తిరగడానికి కారణం మొత్తం తగ్గుదల కాదు, ఈ రెండు దిక్కుల మధ్య ఉన్న తేడా. మహాగనిలో తేడా చిన్నది, అందుకని పలక తగ్గినా చదునుగానే ఉంటుంది. పైగా ఒకే దుంగ నుంచి మూడు నాలుగడుగుల వెడల్పున, ముడులు లేని పలక వచ్చేది. పైన పల్చటి చెక్కలు పొదగాలనుకునేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

పొదగడంలోనే చిక్కంతా ఉంది. తెల్లగీతకు వాడేది బాక్స్‌వుడ్ లేదా హాలీ. గీత బల్ల పొడవునా, నార వెంట పోయినంతసేపు పేచీ లేదు. రెండు చెక్కలూ ఆ దిక్కున కదలవు. మూల తిరిగి నారకు అడ్డంగా పోయేచోట కింది పలక తగ్గుతుంటుంది, పైన గీత తగ్గనంటుంది. జిగురు కొన్నాళ్లు ఓర్చుకుంటుంది, తర్వాత గీత విల్లులా వంగి లేస్తుంది. ఇత్తడి పొదిగితే ఇబ్బంది మరీ ఎక్కువ. ఇత్తడి నీరు పీల్చదు. 20 డిగ్రీల వేడి తేడాకు మీటరు పొడవు ఇత్తడి పట్టీ అర మిల్లీమీటరు కూడా పెరగదు. కింద చెక్క సెంటీమీటరు జరుగుతుంటే ఇత్తడి ఉన్నచోటే ఉంటుంది. హైదరాబాద్ వాళ్లకు తెలిసిన బిద్రీ పనిలో ఈ గొడవ లేదు. జింకు ఎక్కువ, రాగి తక్కువ కలిసిన లోహంలో వెండి పొదుగుతారు. రెండూ లోహాలే కాబట్టి శ్రావణమైనా వైశాఖమైనా వాటికొకటే. చెక్క మీద పొదిగేవాడే ఏడాదిలో అన్ని నెలలకూ జవాబు చెప్పుకోవాలి.

డబ్లిన్ పనివాళ్లు దీనికి కొన్ని ఉపాయాలు పట్టారు. పొదిగే చెక్కను చేతి రంపంతో రెండు మిల్లీమీటర్ల అటూ ఇటూ మందాన కోసేవాళ్లు. ఇప్పటి యంత్రం కోసే వెనీర్ అర మిల్లీమీటరు. పలకను కింది చట్రానికి గట్టిగా బిగించకుండా, జరగడానికి చోటిచ్చేవాళ్లు. అన్నిటికన్నా తెలివైనది జిగురు. జంతువుల తోళ్లు, ఎముకలు ఉడికించి తీసిన బంక అది. వేడి నీళ్ల ఆవిరి తగిలితే మెత్తబడుతుంది. రెండు వందల ఏళ్ల తర్వాత కూడా ముక్కను నొప్పి లేకుండా ఊడదీసి, సరిచేసి మళ్లీ అదే బంకతో అంటించవచ్చు. ఈ రోజుల్లో లేచిన గీత కింద ఫెవికాల్ పోసి బిగించే రిపేరు చూస్తుంటాం. అది ఒకసారి గట్టిపడ్డాక రాదు. తర్వాతి రిపేరులో గీతతోపాటు చెక్క కూడా విరుగుతుంది.

రంగుల సంగతి మరీ సరదా. పొదిగిన గవ్వ బొమ్మ ఉబ్బెత్తుగా కనబడాలంటే ఒక అంచు నల్లబడాలి. అందుకు మూకుడులో సన్నని ఇసుక బాగా కాల్చి, చిన్న చెక్కముక్క అంచును అందులో ముంచి తీసేవాళ్లు. మన బట్టీల్లో బొరుగులు వేయించే పద్ధతే. ఇసుక వేడిని అన్నివైపులా సమంగా ఇస్తుంది, మంట తగలదు. చెక్కలోని హెమీసెల్యులోజ్ అనే చక్కెర జాతి పదార్థం ముందు మాడి గోధుమరంగు తేలుతుంది. లోపలికి పోయేకొద్దీ వేడి తక్కువ కాబట్టి రంగు మెల్లగా పలచబడి నీడలా కనిపిస్తుంది. వెండి బూడిద రంగు కావాలంటే సైకమోర్ చెక్కను ఇనుప లవణం నీళ్లలో నానబెట్టేవాళ్లు. చెక్కలోని టానిన్ ఇనుముతో కలిసి ముదురురంగుకు తిరుగుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు కరక్కాయ నీళ్లలో ముంచిన గుడ్డ మీద తుప్పుపట్టిన ఇనుము, బెల్లం ఊరవేసిన కసిమితో నల్లగీత గీసినప్పుడు జరిగేదీ ఇదే రసాయన చర్య.

కలంకారీ దాకా వచ్చాం కాబట్టి మన తీరానికి పోదాం. ఐర్లాండ్‌లో ఇంకా సింహాలు చెక్కుతున్న కాలానికే, విశాఖపట్నంలో పొదుగుడు సామాను తయారై ఓడలెక్కుతోంది. ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్దం చివర్లో అక్కడ స్థావరం పెట్టింది. అద్దకం బట్టల కోసం వచ్చిన తెల్లవాళ్లు స్థానిక కంసాలుల చేత కుర్చీలు, బీరువాలు, పెట్టెలు చేయించుకోవడం మొదలుపెట్టారు. చెక్క టేకు, నల్లచేవ, ఇరుగుడు. ఇరుగుడునే ఇప్పుడు రోజ్‌వుడ్ అంటున్నాం. పొదిగేది ఏనుగుదంతం. నమూనా లండన్ నుంచి వచ్చిన కుర్చీయో, అక్కడి వడ్రంగి చిప్పెన్‌డేల్ నమూనాల పుస్తకంలో బొమ్మో. అంచుల మీద పాకే తీగలు, పువ్వులు మాత్రం కోరమండల్ అద్దకం బట్టల మీదివి. 1756లో ఈ తీరానికి వచ్చిన 39వ రెజిమెంట్ అధికారి జాన్ కోర్నీల్ విశాఖ దంతపు పొదుగును ప్రత్యేకంగా రాసి పెట్టుకున్నాడు.

పద్ధతి ఇది. చెక్కలో ఉలితో గాడి తీసి దంతపు ముక్కను కూర్చుతారు. తర్వాత దాని మీద సన్నని గీతలు చెక్కి, అందులో వేడి నల్లలక్క నింపి, పైన మిగిలింది తీసేస్తారు. తెల్లని దంతం మీద నల్లగీతలు సిరాతో గీసినట్టు నిలుస్తాయి. 1760ల తర్వాత మోజు ఇంకా ముదిరి, పొదగడం చాలక చెక్కను పూర్తిగా దంతపు రేకులతో కప్పేయడం వచ్చింది. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ ఇంటికి తీసుకెళ్లిన దంతపు కుర్చీలను 1781 వేలంలో మూడో జార్జి కొని షార్లెట్ రాణికిచ్చాడు. అవి ఇప్పటికీ బ్రిటిష్ రాజకుటుంబ సేకరణలో ఉన్నాయి. చేసిన చేతుల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. డబ్లిన్‌లో విలియం మూర్ పేరు మిగిలింది, విశాఖలో ఆ కుర్చీలు చేసిన కంసాలుల పేర్లు మిగల్లేదు. ఈ చరిత్రలో నాకు బాగా కష్టం కలిగించేది ఇదే.

దంతం కూడా చెక్కలాగే ఊరుకునేది కాదు. ఎముకలోని ఖనిజం, దాని మధ్య కొలాజెన్ అనే ప్రొటీన్. ఆ ప్రొటీన్ నీరు పీల్చి ఉబ్బుతుంది, ఎండితే పల్చటి రేకు వంకర తిరిగి పగులుతుంది. అందుకే పాత విశాఖ పనిలో పొదుగు చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది. తీగ పొడవుగా పాకినట్టు కనిపించినా, దగ్గరికెళ్లి చూస్తే ఆకు ఒకటి, కాడ ఒకటి, మొగ్గ ఒకటి. ప్రతి అతుకూ కాస్త కదలడానికి చోటు. సముద్రపు గాలిలో బతికినవాళ్లకు తేమ గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

మన నేలకూ మహాగనికీ ఇంకో బంధుత్వం ఉంది. మహాగని వేపచెట్టు కుటుంబంలోది. మన అడవుల్లోని సోమిద కూడా అదే కుటుంబం. 1781 నుంచి సామర్లకోటలో కంపెనీ వైద్యుడిగా ఉంటూ అక్కడే ప్రయోగాల తోట పెంచిన విలియం రాక్స్‌బర్గ్, సర్కారు జిల్లాల కొండల్లో దొరికిన సోమిదను చూసి అది మహాగని జాతిదే అనుకున్నాడు. దాని బెరడును జ్వరానికి సింకోనా బదులు వాడొచ్చని ప్రచారం చేశాడు. బిల్లు చెట్టునూ అదే జాతిలో కలిపేశాడు. తర్వాతి వృక్షశాస్త్రజ్ఞులు రెండింటినీ వేరుచేశారు. బిల్లు అసలు నిమ్మ కుటుంబంలోది. రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా తోటకు మారాడు. 1795 నాటికి జమైకా మహాగని మొక్కలు ఆ తోటకు చేరాయి. ఇప్పుడు దేశమంతా ఉన్న మహాగనికి మొదలు అక్కడే.

ఆ బిల్లు కర్రనే ఐరోపా వాళ్లు ఈస్టిండియన్ సాటిన్‌వుడ్ అంటారు. పట్టులా మెరిసే పసుపు చెక్క, బరువు దాదాపు నీటితో సమానం. 1780ల నాటి డబ్లిన్, లండన్ పొదుగులో ఎక్కువ వాడింది వెస్టిండీస్‌లో దొరికే వేరే సాటిన్‌వుడ్. అది తరిగిపోయాక 19వ శతాబ్దంలోనూ, ముఖ్యంగా 1900 తర్వాత పాత ఫ్యాషన్ మళ్లీ వచ్చినప్పుడూ వాడింది మన దక్కను, సింహళం అడవుల బిల్లు. అంటే డబ్లిన్ నుంచి కంటెయినర్లో వచ్చిన ఎడ్వర్డియన్ కాలపు బల్ల మీద పసుపు పట్టీ ఉంటే, అది నల్లమల లాంటి అడవి నుంచి వెళ్లి తిరిగొచ్చినదై ఉండొచ్చు. దీని రంపపు పొట్టు ఒంటికి తగిలితే దద్దుర్లు లేస్తాయి. వడ్రంగులకు ఈ సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు.

మెరుగు కూడా ఇక్కడిదే. 19వ శతాబ్దం మొదట్లో ఐరోపా అంతా అలవాటైన ఫ్రెంచ్ పాలిష్ అంటే లక్కను స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో పొరలు పొరలుగా రుద్దడం. లక్క మన అడవుల్లో మోదుగ, రేగు కొమ్మల మీద పురుగు పెట్టేది. వేడి కప్పు పెడితే ఈ పాలిష్ మెత్తబడి, లోపల చిక్కిన తేమ వెలుగును చెదరగొట్టి తెల్లటి వలయం వేస్తుంది. ఇరానీ చాయ్ కప్పు కింద ఏదో ఒకటి పెట్టడం మర్యాద కోసం కాదు. ఐరిష్ విస్కీ ఒలికితే ఇంకా ప్రమాదం, ఎందుకంటే లక్కను కరిగించేది ఆల్కహాలే.

ఇప్పుడు మాదాపూర్ ఏసీ సంగతి చూద్దాం. చాలామంది ఏసీ చెక్కను ఎండగొడుతుందని భయపడతారు. సగమే నిజం. మే నెల మధ్యాహ్నం బయట 40 డిగ్రీలు, గాలిలో తేమ 25 శాతం అనుకుందాం. గాలిలో తేమ శాతమంటే ఆ వేడిలో గాలి మోయగల ఆవిరిలో ఎంత ఉందన్న లెక్క. అదే గాలిని 24 డిగ్రీలకు చల్లబరిస్తే మోయగల శక్తి సగానికి పైగా పడిపోతుంది. ఆవిరి అంతే ఉంటుంది కాబట్టి తేమ శాతం 60 దగ్గరకు పెరుగుతుంది. కాయిల్ మీద కొంత నీరై కారిపోగా 50 శాతం అటూ ఇటూ మిగులుతుంది. అంటే మే నెలలో ఏసీ గది బయటికన్నా చెక్కకు సుఖం. ఆగస్టులో బయట 80 శాతం తేమ ఉంటే, ఏసీ నీటిని పైపులోంచి బయటికి కార్చి దాన్నీ 50, 55కు తెస్తుంది. రెండు కాలాల్లోనూ ఏసీ గది నడిమి గీత మీదే ఉంటుంది.

మరి పగుళ్లెందుకు? మన ఇళ్లలో ఏసీ రోజంతా నడవదు. రాత్రి పదింటికి వేస్తాం, తెల్లవారుజామున కట్టేస్తాం, పొద్దున్నే బాల్కనీ తలుపు తీస్తాం. గదిలో తేమ మే నెలలో రోజూ 30 నుంచి 50కి ఎక్కి దిగుతుంది, వానాకాలంలో 80 నుంచి 50కి దిగి ఎక్కుతుంది. రెండు సెంటీమీటర్ల పలక ఇంత తొందరగా స్పందించదు. దాని లోపలికి తేమ చేరడానికి వారాలు పడుతుంది. పైన ఉన్న పల్చటి పొదుగు మాత్రం గంటల్లో మారుతుంది. పైపొర కదిలి అడుగు కదలకపోవడం, రోజుకు రెండుసార్లు, ఏడాదికి కొన్ని వందల సార్లు. జిగురు అలసిపోయేది ఇక్కడే. ఏసీ గాలి నేరుగా తగిలేచోట బల్ల ఉంటే సగం కాలంలోనే అయిపోతుంది.

అందుకే నా లెక్కలో, 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచి ఈ కారిడార్‌లో పుట్టుకొచ్చిన, రాత్రింబవళ్లు ఒకే ఉష్ణోగ్రత నడిపే ఆఫీసు లాబీ పాత మహాగని బల్లకు మంచి ఇల్లు. అసలు ఏసీ లేని, మందపాటి సున్నపు గోడల పాత హైదరాబాద్ బంగళా కూడా మంచిదే. అక్కడ మార్పు నెలల మీద, మెల్లగా జరుగుతుంది. అన్నిటికన్నా చెడ్డది రాత్రి మాత్రమే ఏసీ నడిచే మన పడకగది. బల్లను అందులో పెట్టకండి. హాల్లో, పడమటి కిటికీకి దూరంగా పెట్టండి. పడమటి ఎండ వేడి వల్ల కాదు, అతినీల కిరణాలు మహాగని రంగును మొదట ముదురుచేసి, ఏళ్ల తరబడి తగిలితే వెలిసిపోయేలా చేస్తాయి. తేమ చూపే చిన్న మీటరు కొని పక్కన పెట్టుకుంటే గదిలో తేమను 45, 60 శాతం మధ్య ఉంచుకోవచ్చు. సిలికోన్ స్ప్రేలు, మెలమైన్ పాలిషులు దాని జోలికి రానివ్వకండి.

కొనేముందు ఒక చిన్న పరీక్ష ఉంది. గుండ్రటి బల్ల అయితే దర్జీ టేపు తీసుకుని నార వెంట ఒకసారి, అడ్డంగా ఒకసారి వ్యాసం కొలవండి. వందేళ్లు దాటిన అసలు చెక్క బల్ల కచ్చితమైన గుండ్రంగా ఉండదు. అడ్డంగా 5 నుంచి 10 మిల్లీమీటర్లు తక్కువ ఉంటుంది. రెండు కొలతలూ సరిగ్గా సమానంగా వస్తే ఆ బల్ల కొత్తదో, ప్లైవుడ్ మీద వెనీర్ వేసిందో అయ్యుంటుంది. ప్లైవుడ్‌లో పొర మీద పొర నారను అడ్డంగా తిప్పి అంటిస్తారు కాబట్టి ఒకదాన్నొకటి కదలనివ్వవు. డబ్లిన్ వడ్రంగి వందేళ్లు కుస్తీ పట్టిన సమస్యకు అది తేలికైన జవాబు. నకిలీ అని దాన్ని ఈసడించుకోవడం నాకు నచ్చదు. పాతదని చెప్పి అమ్మితేనే మోసం.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. వందేళ్లు దాటిన కళాత్మక వస్తువు 1972 పురావస్తు చట్టం ప్రకారం యాంటిక్విటీ. మళ్లీ విదేశానికి పంపడం కేంద్ర ప్రభుత్వానికో, అది అధికారమిచ్చిన సంస్థకో తప్ప ఎవరికీ కుదరదు. విశాఖ పని పేరుతో దంతం పొదిగిన పెట్టె ఎవరైనా అమ్ముతామంటే వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం, ఎంత పాతదైనా. శిల్పారామంలోనో మరోచోటో దంతం బదులు ఒంటె ఎముక, రెజిన్ పొదిగిన పని దొరుకుతుంది. అది చాలు.

చివరగా ఆ ఫార్మ్‌ల్యాండ్ బ్రోచరు. అమెరికా ఖండాల అడవుల్లో పెద్దాకు మహాగని అనే జాతి నరికివేత ఎంత దూరం పోయిందంటే, 2003 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం, ముప్పున్న జాతుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందం కిందికి వచ్చింది. ఇదే కారణం చూపించి, ఇక్కడ పెంచితే బంగారమే అంటారు అమ్మేవాళ్లు. మహాగని మన నేలలో పెరుగుతుంది, అనుమానం లేదు. కానీ డబ్లిన్ పనివాడు వాడింది వందేళ్లు నిదానంగా పెరిగి చేవదేరిన చెట్టును. పది పన్నెండేళ్ల తోటచెట్టు దుంగలో చేవ తక్కువ, లేతచెక్క ఎక్కువ. రంగు పాలిపోయి, తేలికగా, చెదపురుగుకు లొంగేలా ఉంటుంది. పైగా హిప్సిపైలా అనే పురుగు మొక్క చివురును తొలుస్తుంది. తొలిచినచోట చెట్టు రెండు మూడు కొమ్మలుగా చీలిపోయి, తిన్నని దుంగ రాదు. మహాగని పేరుతో ఆఫ్రికా ఖాయా మొక్కలు అమ్మేవాళ్లూ ఉన్నారు. సంతకం పెట్టేముందు ఏజెంటును రెండు ప్రశ్నలు అడగండి: పన్నెండేళ్ల చెట్టులో చేవ ఎన్ని అంగుళాలు ఉంటుంది, అలాంటి దుంగను ఇంతకుముందు ఏ టింబర్ డిపో ఎంతకు కొన్నది? రసీదు చూపించలేకపోతే ఆ సైటు నుంచి కారెక్కి ఇంటికి రండి.